తుండుగుడ్డ నియమం

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. జీతం తీసుకునే రోజున తప్ప పరీక్షశాలలో ఎవరికీ దానితో పని పడదు. మిగతా రోజుల్లో ఆయన తుండుగుడ్డే. పైవాళ్ళు "ఏమయ్యా తుండుగుడ్డా" అంటారు. కిందవాళ్ళు "తుండుగుడ్డగారూ" అంటారు. పిలుపులో గౌరవం ఉన్నా లేకపోయినా భుజం మీద గుడ్డ మాత్రం ఉండి తీరాలి.

గుడ్డ లేనిదే ఆయనకు చెయ్యాడదు. మిషను ముట్టుకోబోయే ముందు మిషను తుడుస్తాడు, ముట్టుకున్నాక చేతులు తుడుచుకుంటాడు. ఎవరైనా ఏదైనా ఇస్తే తుడిచి పుచ్చుకుంటాడు, తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ తుడిచి ఇస్తాడు. పొద్దున్నే గది తాళం తీయగానే కళ్ళు మూసుకుని కాసేపు దేవుణ్ణి తలుచుకోవడం, ఆపైన మిషను కడ్డీలన్నీ నిగనిగలాడేలా రుద్దడం ఆయన నిత్యకృత్యం. ఎవరైనా నవ్వితే, "తినే తిండి ఈ మిషనులోంచే వస్తోంది కదండీ, దుమ్ముకొట్టుకుపోయిన మొహంతో నిలబెట్టమంటారా దాన్ని?" అంటాడు.

ఆ మిషను పని ప్లగ్గుల్ని సాకెట్లలోంచి లాగడం. ఎంత బలంతో లాగితే ప్లగ్గు ఊడివస్తుందో ముల్లు చూపిస్తుంది. ఆ గదిలో ఇంకా స్విచ్చుల్ని అదేపనిగా నొక్కే మిషన్లు, తీగల్ని మెలిపెట్టేవి, సాకెట్లను కొలిమిలా కాల్చేవి ఉన్నాయి. "ఇంట్లో పిల్లలు చేస్తే వీపు విమానం మోత మోగించే పనులన్నీ వీళ్ళు జీతం తీసుకుని చేస్తారు" అని ఆయన భార్య చుట్టాలకు చెబుతూ ఉంటుంది.

ఇంతకీ కథ మొదలైంది పరీక్షశాలలో కాదు, ఆయన ఇంటి వంటగదిలో.

ఆయన తల్లికి కీళ్ళవాతం. చేతివేళ్ళు ముడుచుకుపోయి, అన్నం ముద్ద కలపడమే కష్టంగా ఉంటుంది. అయినా తెల్లవారకముందే లేచి, కెటిల్లో నీళ్ళు కాచుకుని, ఆ వేడికి వేళ్ళు సాగదీసుకుని, చేతులు జోడించి ప్రార్థన చేసుకోవాలి ఆవిడకు. కోడలు నేను కాచిపెడతానంటే ఒప్పుకోదు. "ఇంకొకరి నిద్ర చెడగొట్టి చేతులు జోడిస్తే అదేం దణ్ణమే?" అంటుంది. ఆ మొండితనంతోనే ఒకనాడు ప్లగ్గు వేళ్ళకు పట్టుబడక, తీగ పట్టుకుని గట్టిగా గుంజింది. ప్లగ్గు సాకెట్లోనే ఉండిపోయింది. తీగ ఊడి చేతికొచ్చింది. మెరుపూ చప్పుడూ రెండూ అయ్యాయి. పెద్దావిడ నేల మీద కూలబడి, "ఒరేయ్, కరెంటు నాతో మాట్లాడిందిరా!" అని కేక పెట్టింది.

దెబ్బేం తగల్లేదు. ఆవిడ నవ్వేసింది కూడా. కొడుక్కి మాత్రం నవ్వు రాలేదు. ప్లగ్గులు లాగడమే తన ఉద్యోగం, తన తల్లి చేత ఒక ప్లగ్గు ఊడదు. ఇదేం లెక్క దేవుడా అనుకున్నాడు. సరిగ్గా ఆ వారమే, ఇళ్ళలో వాడే ప్లగ్గులకూ సాకెట్లకూ కొత్త ప్రమాణం రాయడానికి ఒక సంఘం వేస్తున్నారని, పరీక్షశాల తరఫున ఒకరు కావాలని కబురొచ్చింది. అడక్కుండానే, "నేను వెళ్తానండీ" అన్నాడు.

సంఘం కూర్చునే గది ఒక పాత ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. పొడుగాటి బల్ల, ఒకటి తెరుచుకోని, ఒకటి మూసుకోని కిటికీలు, కూర్చోగానే కిర్రుమనే కుర్చీలు. అధ్యక్షురాలు విద్యుత్కేంద్రంలో జీవితమంతా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. మొదటి రోజే పద్ధతి చెప్పేసింది.

"ఇక్కడ చేతులెత్తి లెక్కపెట్టడాలు ఉండవు. ప్రతి మాటకూ ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడుగుతాను. అడిగి నా టీ తాగుతాను. కప్పు ఖాళీ అయ్యేలోగా ఎవరూ నోరు విప్పకపోతే అది ఖాయం. ఒక్కరికి మింగుడుపడకపోయినా మళ్ళీ మొదటికి. ఏడాదిలో తేలకపోతే ఈ పని అటకెక్కుతుంది."

"టీ మరీ చల్లగా ఉంటే గబగబా తాగేస్తారేమో మేడమ్" అన్నాడు ఒకాయన.

"మీరు మాట్లాడితే చల్లారకుండా ఎలా ఉంటుంది బావగారూ?" అన్నాడు ఎదురుగా ఉన్నాయన.

వాళ్ళిద్దరూ ప్లగ్గుల తయారీదారులు. ఒకాయన ఫ్యాక్టరీలో అన్నీ నల్లవే, రెండో ఆయన ఫ్యాక్టరీలో అన్నీ తెల్లవే చేస్తారు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, బజార్లో ఒకరి సరుకు ఒకరు తిట్టుకోవడం తప్ప. తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని ఒకర్నొకరు బావగారూ అనుకుంటారు. సంఘంలో వాళ్ళకు నల్లబావ, తెల్లబావ అనే పేర్లు స్థిరపడ్డాయి.

అసలు తగువు ఒకే ఒక్క అంకె దగ్గర. ప్లగ్గు ఎంత బలానికి ఊడాలి? మరీ తేలికగా ఊడితే లోపల రేకుల పట్టు వదులుగా ఉన్నట్టు. వదులైతే వేడెక్కుతుంది, వేడెక్కితే ఇల్లు అంటుకుంటుంది. మరీ బిగుతైతే ముసలీ ముతకా లాగలేక తీగ గుంజుతారు. తెల్లబావ సరుకులో రేకులు మెత్తన, కాబట్టి ఆయన తక్కువ అంకె చాలన్నాడు. నల్లబావ రేకులు గట్టివి, ఆయన ఎక్కువ అంకె కావాలన్నాడు. తుండుగుడ్డ తక్కువ అంకె వైపు నిలబడ్డాడు. ఎందుకో చెప్పలేదు. సంఘంలో అమ్మ మాట ఎత్తితే చిన్నపిల్లాడిలా ఉంటుందేమోనని మొహమాటం.

"నోటితో తేలదు, చేతితో తేల్చండి" అంది అధ్యక్షురాలు. అవే సాకెట్లు, అవే ప్లగ్గులు ఒక పెట్టెలో పెట్టి, ముందు తుండుగుడ్డ పరీక్షశాలకూ, తరువాత ఊరికి అవతలి చివరున్న రెండో పరీక్షశాలకూ పంపాలనీ, రెండుచోట్లా ఒకే ఫలితం వస్తే దాని మీద అంకె రాద్దామనీ ఒప్పందం.

వానాకాలం మొదలయ్యేసరికి ఫలితాలు వచ్చాయి. తుండుగుడ్డ దగ్గర ప్రతి ప్లగ్గూ వెన్నలో కత్తిలా ఊడివచ్చింది. గట్టి రేకులున్న సాకెట్లోంచి కూడా. అంటే పట్టు వదులు చేయకుండానే తక్కువ అంకె పెట్టుకోవచ్చన్నమాట. ఆ రోజు ఇంటికి వెళ్ళి తల్లికి చెప్పాడు. "అమ్మా, నీ ప్లగ్గు సంగతి తేలిపోయేలా ఉంది."

"నా ప్లగ్గు సంగతి ఊరందరూ కూర్చుని మాట్లాడుకుంటున్నారా? సిగ్గులేకపోతే సరి!" అంది ఆవిడ, సంతోషంగా.

కాని అవతలి పరీక్షశాలలో అవే ప్లగ్గులు మొండికేశాయి. అంకె దాదాపు రెట్టింపు వచ్చింది.

ఇక చూడాలి. తెల్లబావ అవతలి వాళ్ళ మిషను తుప్పుపట్టిందన్నాడు. నల్లబావ ఇవతలి వాళ్ళ ముల్లుకు మత్తెక్కిందన్నాడు. పెట్టె అటూ ఇటూ తిరిగింది. తిరిగిన ప్రతిసారీ ఇక్కడ తక్కువా, అక్కడ ఎక్కువా. మిషన్ల కొలతలు కొత్తగా సరిచూయించారు. గది వేడి చూశారు, తేమ చూశారు. చలికాలం వచ్చి కుర్చీల కిర్రు కూడా మారింది గాని అంకె మారలేదు.

చివరికి అవతలి పరీక్షశాల తరఫున సంఘంలో ఉన్న ఇంజనీరమ్మ స్వయంగా దిగింది. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు, ఎదుటివాడు చెప్పింది పూర్తిగా వినే అలవాటు. వారం రోజులు తుండుగుడ్డ పక్కన కూర్చుంది. మిషను తానే తిప్పింది. విచిత్రం, ఆవిడ చేతికీ తక్కువ అంకే వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇక్కడి గాలిలో ఏమైనా ఉందా?" అంది కళ్ళజోడు తీసి.

"పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుని మొదలుపెడతానమ్మా. అంతకంటే నేను కొత్తగా చేసేదేం లేదు."

"అది ప్రమాణంలో ఎలా రాస్తాం?"

"రాస్తే నల్లబావగారికి అభ్యంతరం."

ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. ఆవిడ వెళ్ళిపోయింది, తన గదిలో మళ్ళీ లాగి చూసింది, మళ్ళీ ఎక్కువే. ఏడాది చివరికొచ్చేసింది. నల్లబావ కూడా విసిగిపోయాడు. "ఇంజనీరమ్మ చేత్తో లాగినా తక్కువే వచ్చిందంటే ఇక నేనేం అంటాను? తక్కువ అంకే రాసుకోండి, అందరం బతికి బయటపడదాం" అన్నాడు. వచ్చే సమావేశంలో అధ్యక్షురాలు టీ తాగడమే తరువాయి.

ఆ సమావేశానికి ముందు రోజు సాయంత్రం తుండుగుడ్డ హుషారుగా ఇల్లు చేరాడు. తల్లి మంచినీళ్ళు అడిగింది. స్టీలు గ్లాసు తీసి, భుజం మీది గుడ్డతో శుభ్రంగా తుడిచి, నీళ్ళు నింపి ఇచ్చాడు. ఆవిడ ముడుచుకున్న వేళ్ళ మధ్య గ్లాసు ఒక్క క్షణం నిలిచి, సర్రున జారి కిందపడింది.

"చూశావటే?" అంది ఆవిడ కోడలితో. "నువ్విస్తే నిలుస్తుంది, వీడిస్తే జారుతుంది. ఎప్పుడూ ఇంతే."

"మీ అబ్బాయికి ప్రేమ ఎక్కువ అత్తయ్యా" అంది కోడలు నేల తుడుస్తూ.

"ప్రేమ కాదే, నూనె. వాడి గుడ్డ చూడు, మిషను నూనె కంపు కొడుతోంది. గ్లాసంతా అదే."

కోడలు నవ్వింది. తుండుగుడ్డ నవ్వలేదు. గ్లాసు చేతిలోకి తీసుకుని వేలితో రాసి చూశాడు. కంటికి కనిపించనంత సన్నని జిడ్డు. పెట్టె విప్పగానే ఒక్కొక్క ప్లగ్గూ తీసి, రెండు పిన్నులూ ముద్దుగా తుడిచి వరసగా పేర్చుకోవడం కళ్ళ ముందు మెదిలింది. ఇంజనీరమ్మ వచ్చేసరికి ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంది. తుడవడం కూడా ఒక పనని ఆయనకు తోచనే లేదు. ఊపిరి పీల్చుకున్నానని ఎవరైనా చెప్పుకుంటారా?

మర్నాడు అందరికంటే ముందు పరీక్షశాలకు వెళ్ళాడు. ఒక ప్లగ్గు పిన్నులు స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టి లాగించాడు. ముల్లు ఎక్కడికో పోయింది. అదే ప్లగ్గు గుడ్డతో తుడిచి లాగించాడు. వెన్నలో కత్తి.

కుర్చీలో కూలబడ్డాడు. ఈసారి కుర్చీ తుడవలేదు.

ఎవరికీ తెలియదు. నల్లబావ సరేనన్నాడు. ఈ మధ్యాహ్నం టీ కప్పు ఖాళీ అయితే చాలు, తక్కువ అంకె ఖాయం, అమ్మ ప్లగ్గు తేలికవుతుంది. కాని ఆ అంకె కోసం రేపు ఫ్యాక్టరీల్లో నూనె పూయరు కదా, రేకులే వదులు చేస్తారు. వదులు రేకుల సాకెట్ ఎవరో తల్లి నిద్రపోతున్న గదిలో, మంచం పక్కన, రాత్రంతా వేడెక్కుతూ ఉంటుంది.

"స్వామీ" అన్నాడు కళ్ళు మూసుకుని, "నేనడిగింది మా అమ్మ చేతికి కాస్త సాయం. ఇచ్చినట్టే ఇచ్చి నా గుడ్డలోంచే లాక్కుంటావా? శుభ్రంగా ఉండమన్నది నువ్వే కదా?" దేవుడు ఎప్పటిలాగే ఏమీ అనలేదు. మంచివాడే గాని, మాటకు మాట జవాబు చెప్పే అలవాటు లేదు ఆయనకు.

ఫోను తీసి ఇంజనీరమ్మకు చేశాడు.

"అమ్మా, మీరు లాగే ముందు పిన్నులు తుడుస్తారా?"

"స్పిరిట్‌తో కడుగుతాం అన్నయ్యగారూ. అది ఎవరైనా చేసేదేగా, మీరూ తుడుస్తారు కదా?"

"తుడుస్తాం."

"దేనితో?"

ఆయన భుజం మీదికి చూసుకున్నాడు. అవతలినుంచి మెల్లగా, "అయ్యో అన్నయ్యగారూ!" అని వినిపించింది.

మధ్యాహ్నం సమావేశంలో ఆయన లేచి నిలబడి, గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. "ఇదిగోనండీ, ఏడాదిగా మనం వెతుకుతున్నది" అని జరిగిందంతా చెప్పాడు.

గది ఘొల్లుమంది. నల్లబావ బల్ల చరిచి చరిచి నవ్వాడు. తెల్లబావ మాత్రం నెత్తి పట్టుకున్నాడు. "సంవత్సరమంతా నీ గుడ్డను నమ్ముకుని కూర్చున్నానయ్యా! చేస్తే చేశావు, ఒక్క రోజు ఆగి చెప్పకూడదూ?"

"ఆగేవాణ్ణేనండీ" అన్నాడు తుండుగుడ్డ నిజాయితీగా. "నిద్ర పట్టదని భయమేసింది."

అధ్యక్షురాలు టీ కప్పు పక్కకు జరిపింది. "ఎక్కువ అంకే ఖాయమవుతుంది అయితే. కాని ఒకటి చెప్పండి. ఫ్యాక్టరీ లేదు, అమ్మకం లేదు, మీరెందుకు అంత తక్కువ కోసం పట్టుబట్టారు?"

అప్పుడు చెప్పాడు తల్లి సంగతి. వేళ్ళు, కెటిల్, ఊడివచ్చిన తీగ. నవ్వులు ఆగిపోయాయి. తెరుచుకోని కిటికీ అవతల పిచ్చుకల గోల వినపడింది.

"మరి ఇప్పుడెలా లాగుతున్నారు పెద్దమ్మగారు?" అడిగింది ఇంజనీరమ్మ.

"ఉతికిన తుండుగుడ్డ ఒకటి ప్లగ్గు చుట్టూ ముడేసి, అందులో చెయ్యి దూర్చి, మణికట్టుతో లాగుతుందమ్మా. వేళ్ళలో బలం లేదు గాని మణికట్టులో ఉంది. నేను చూడనప్పుడు చేస్తుంది."

ఇంజనీరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఏడాదిగా ప్లగ్గు ఎలా ఊడుతుందో కొలుస్తున్నాం. చెయ్యి దాన్ని ఎలా పట్టుకుంటుందో ఒక్కరం కొలవలేదు."

బావలిద్దరూ ఒకేసారి జేబుల్లోంచి పెన్నులు తీసి, అట్టముక్కల మీద ఒకరికొకరు కనపడకుండా బొమ్మలు గీయడం మొదలుపెట్టారు.

తరువాతి ఆదివారం తుండుగుడ్డ ఇంటి ముందుగదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. సోఫాకు ఒక చివర నల్లబావ, ఒక చివర తెల్లబావ, ఇద్దరి ఒళ్ళోనూ సంచులు. మధ్యలో బోర్డుకు బిగించిన గట్టి రేకుల సాకెట్. ఇంజనీరమ్మ కొలత పరికరంతో నేల మీదే కూర్చుంది. పెద్దావిడ వాలుకుర్చీలో న్యాయమూర్తిలా ఉంది.

నల్లబావ ప్లగ్గుకు వెనక పెద్ద కన్నం, నాలుగు వేళ్ళూ దూరేంత. ఆవిడ చెయ్యి దూర్చి లాగింది. టక్కున ఊడింది గాని, "అమ్మో, అంచు కోసుకుంటోంది నాయనా. మీ ఇంట్లో ఆడవాళ్ళ చేత లాగించావా అసలు?" అంది.

"ఇంట్లో ఆయన మాట ఎవరు వింటారండీ?" అన్నాడు తెల్లబావ.

తెల్లబావ ప్లగ్గు మెత్తని రబ్బరు. చేతికి హాయిగా ఉంది గాని కన్నం బుల్లిది, ఒక్క వేలే పడుతుంది. "ఇది బాగా మెత్తగా ఉంది. ఎంత మెత్తగా అంటే, లాగలేకపోయినా బాధ లేదు" అంది ఆవిడ. ఈసారి నవ్వడం నల్లబావ వంతు.

పెద్దావిడ రెండు ప్లగ్గులూ రెండు చేతుల్లో పెట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆయన కన్నానికి ఈయన మెత్తదనం తొడిగితే పోలా? మీరు బావలేగా?"

ఇద్దరూ కంగుతిన్నారు. కన్నం నాదని నల్లబావ, రబ్బరు నాదని తెల్లబావ. ప్రమాణంలోకి ఎక్కిందంటే అది ఎవరిదీ కాదు, ప్రతివాడూ చేసుకోవచ్చు. బయట బజార్లో గొంతులు కోసుకునేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడకుండా బిగుసుకుని కూర్చున్నారు. ఆవిడ వాళ్ళను తొందరపెట్టలేదు. గుడ్డ లేకుండా, కొడుకు సాయం లేకుండా, నల్ల ప్లగ్గు మళ్ళీ గుచ్చమనడం, నొప్పికి మొహం చిట్లించుకుంటూనే మళ్ళీ లాగడం, ఊడినప్పుడల్లా "వచ్చేసింది!" అని మురిసిపోవడం. ఆ చేతి మీద ఎర్రని గీత పడటం తెల్లబావ కంటబడింది.

"బావగారూ" అన్నాడు గొంతు సవరించుకుని, "రబ్బరు ఎలా పోయాలో మీ మనుషులకు చూపిస్తాను. మంగళవారం పంపండి."

నల్లబావ కాసేపు తన సంచి వైపు చూసుకున్నాడు. "మనుషులెందుకు, నేనే వస్తాను. టీ ఇస్తారా, దానికీ ప్రమాణం రాయాలా?"

ఆఖరి సమావేశం నాడు తుండుగుడ్డ మంచి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఇంట్లో తీగలన్నిటికీ బావలిద్దరూ కలిసి చేసిన నమూనా ప్లగ్గులు బిగించి ఉన్నాయి, సగం నలుపు, సగం తెలుపు. ఒక చెయ్యి అయ్యింది, వీపు సగం అయ్యింది, ఇస్త్రీపెట్టె చల్లబడిపోయింది. మీట చూశాడు, తీగ చూశాడు, తీగ వెంబడే నడిచాడు. గోడ దగ్గర తల్లి నిలబడి ఉంది. స్విచ్చి కట్టేసి ఉంది. ప్లగ్గు ఆవిడ నాలుగు వేళ్ళకు కడియంలా వేలాడుతోంది.

"ఏంటమ్మా ఇది, నా చొక్కా!"

"పొద్దున్నించీ అన్నీ లాగానురా. ఇదొక్కటే మిగిలింది" అంది ఆవిడ. ఆ మొహం చూశాక మళ్ళీ గుచ్చమని అడగడానికి ఆయనకు మనసు రాలేదు.

మూడో అంతస్తులో అధ్యక్షురాలు ప్రమాణం మొదటి నుంచి చదివింది. ఎక్కువ అంకె. చెయ్యి పట్టే మెత్తని కన్నం. ఆపైన, పరీక్షకు ముందు పిన్నులు స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాలి, ఏ గుడ్డతోనూ తుడవరాదు అన్న వాక్యం. దానికి అచ్చులో ఒక వరస సంఖ్య మాత్రమే ఉంటుంది గాని, సంఘంలో అందరూ దాన్ని తుండుగుడ్డ నియమమనే అంటున్నారు. ఆ మాట వచ్చినప్పుడు ఆయన తన ఖాళీ భుజం తడుముకున్నాడు. ఇప్పుడు గుడ్డ రోజూ గది బయట మేకుకే ఉంటోంది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని ఆవిడ కప్పు ఎత్తింది.

గది నిశ్శబ్దంగా ఉంది. కుర్చీలు కూడా కిర్రుమనలేదు. కప్పు అడుగు కనబడబోతుండగా తెల్లబావ చెయ్యెత్తాడు. అందరూ అటు తిరిగారు.

"ప్రమాణం మీద లేదు మేడమ్" అన్నాడు. "ఆయన చొక్కా మీద ఉంది. సగం ఇస్త్రీ ఏంటయ్యా అది?"

తుండుగుడ్డ వీపు కనబడేలా వెనక్కి తిరిగి చూపించాడు. "మా అమ్మ చేసిన పరీక్షండీ. ప్లగ్గు నెగ్గింది."

అధ్యక్షురాలు నవ్వు ఆపుకుని, మిగిలిన గుక్క తాగేసి, కప్పు బోర్లించింది.